పై అంతస్తుకు ఆవిరి

జర్మన్‌లో ఉన్న ఉత్తరంలో నాలుగు పేరాలున్నాయి. లీల మొదటి మూడింటిని ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పింది. నాలుగోదానికి తన మాటలు కూడా కలిపింది.

"పద్నాలుగు రోజుల్లో గోడ శుభ్రం చేసి, రంగు వేయించి చూపించాలట. లేకపోతే ఇల్లు ఖాళీ చేయమని నోటీసు ఇస్తారట," అని కాగితం మడిచింది. "కిటికీలు తీయండమ్మా అని ఎన్నిసార్లు చెప్పాలి మీకు? పొద్దస్తమానం పప్పులూ పోపులూ పెట్టుకుని, కిటికీలు బిగించుకుని కూచుంటే గోడకి బూజు పట్టక ఏమవుతుంది? ఈ ఇంట్లో మనవాళ్లం ఉన్నదే రెండు వాటాలు. మీ వల్ల మాకూ మాట వస్తుంది."

గుమ్మంలో హారిక నిలబడి ఉంది. ఆమె వెనక వైశాలి దుప్పటి కప్పుకుని ఉంది. ఇద్దరూ జర్మనీలోని కాట్‌బస్ యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతున్నారు. కరోనా మొదలైనప్పటి నుంచి క్లాసులన్నీ ఆ ఒక్క గదిలోనే. మెట్ల మీద మూడు మెట్లు కిందగా ఫ్రావ్ బ్రాండ్ ఫైలు పట్టుకుని నిలుచుంది. ఇంటి వ్యవహారాలు చూసే హౌస్‌ఫెర్వాల్టుంగ్ కంపెనీ తరఫు మనిషి ఆవిడ. అమ్మాయిలకు జర్మన్ అంతగా రాదని, కింది అంతస్తులో ఉంటున్న లీలను తోడు రమ్మని అడిగింది. ఎనిమిదేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ, పెద్దాసుపత్రిలో పనిచేస్తున్న లీలకు అలా అడగడం గౌరవంగానే అనిపించింది.

"మేం రోజు మూడుసార్లు తీస్తున్నం ఆంటీ," అంది హారిక చివరికి. "ఫోన్‌ల అలారం పెట్టుకొని తీస్తున్నం."

"ఏమంటోంది?" అని ఫ్రావ్ బ్రాండ్ అడిగింది.

"కిటికీలు తీస్తున్నామని చెబుతోంది."

మాస్క్ పైన ఫ్రావ్ బ్రాండ్ కళ్లు కొంచెం నవ్వాయి. "అందరూ అదే చెబుతారు," అంది.

లీల కూడా నవ్వింది. హారిక ఆ నవ్వు చూసింది. తలుపు మెల్లగా వేసుకుంది.

బుధవారం సాయంత్రం వైశాలికి జ్వరమని తెలిసింది. టెస్ట్ చేయించుకుంటే కరోనా కాదని వచ్చిందట, వట్టి జలుబు జ్వరం. లీల మిరియాల చారు కాచి, గిన్నె మీద మూత పెట్టి, గుడ్డలో పట్టుకుని రెండంతస్తులు ఎక్కింది. బయట మైనస్ పదకొండు. ఆ ఫిబ్రవరిలో అంత చలి చాలా ఏళ్లకు వచ్చిందని ఊళ్లో అందరూ అనుకుంటున్నారు.

హారిక తలుపు తీసింది. ఒంటి మీద బయటికి వెళ్లేటప్పుడు వేసుకునే కోటు, చేతులకు వేళ్లు కత్తిరించిన గ్లవ్స్. బల్ల మీద లాప్‌టాప్‌లో ఏదో క్లాసు నడుస్తోంది. మంచం మీద వైశాలి రెండు రజాయిల కింద ముడుచుకుని పడుకుంది. మాట్లాడితే నోట్లోంచి పొగలాగా వస్తోంది.

"హీటింగ్ కట్టేశారేంటమ్మా?"

"కట్టెయ్యలే. ఫుల్లు పెట్టినం."

లీల గిన్నె బల్ల మీద పెట్టింది. అప్పుడే బల్ల మీది ఫోను మోగింది. తెర మీద 'కిటికీ' అని ఉంది. హారిక లేచి, కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, గడియారం చూసుకుంటూ నిలబడింది. ఐదు నిమిషాల దాకా మూయలేదు. మంచం మీది పిల్ల దుప్పటి తల మీదికి లాక్కుంది. లీలకు ఆ ఐదు నిమిషాలు ఎక్కడ చూడాలో తోచలేదు.

కిటికీ కింద, బాయిలర్ నుంచి వచ్చే ఆవిరితో వేడెక్కే రేడియేటర్ ఉంది. వందేళ్ల నాటి పోతపోసిన ఇనుముది. వరసగా పన్నెండు పలకలు, వాటి మీద ఎవరో పొరలు పొరలుగా వేసిన తెల్ల రంగు. లీల వంగి మొదటి పలక మీద చెయ్యి వేసింది. కాలింది. రెండోది కూడా కాలింది. మూడోది గోరువెచ్చన. నాలుగో దాని మీద చెయ్యి పెట్టి తీసేసింది. అక్కడి నుంచి చివరిదాకా మంచుగడ్డ.

ఆమె ఇంకోసారి తడిమి చూసింది. మూడో పలకకూ నాలుగో పలకకూ మధ్య గీత గీసినట్టు ఉంది. ఇటు ఆవిరి. అటు గాలి.

ఆసుపత్రిలో లీల పని ఆపరేషన్ సామాన్లు శుద్ధి చేయడం. రోజూ పొద్దున ఆవిరి యంత్రం నడపగానే మొదటి పని, ఒక చిన్న పొట్లం లోపల పెట్టి పరీక్ష చేయడం. పొట్లం విప్పితే మధ్యనున్న కాగితం అంతటా ఒకే రంగు తిరిగి ఉండాలి. నడిమధ్యలో లేతగా మచ్చ మిగిలిందంటే, లోపల గాలి ఉండిపోయిందన్నమాట. గాలి ఉన్నచోటికి ఆవిరి పోదు. అలాంటి రోజున ఎంతమంది డాక్టర్లు తొందరపెట్టినా ఆ యంత్రంలోంచి ఒక్క కత్తెర కూడా బయటికి పోనివ్వదు లీల.

ఆమె నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చుంది. రేడియేటర్ చివరి పలకకు సగం ఎత్తున బొటనవేలంత ఇత్తడి బుడిపె ఉండాలి. ఉంది. గాలి బయటికి పోవడానికి, ఆవిరి తగలగానే దానంతటదే మూసుకోవడానికి పెట్టిన వెంట్ అది. దాని రంధ్రం కనిపించలేదు. గోటితో గీకితే తెల్ల రంగు పెచ్చుగా ఊడి వచ్చింది. రంధ్రం నిండా రంగే.

"ఈ గదిలో బూజు మీ వంట వల్ల కాదు. గోడ వేడెక్కక తేమ పట్టింది," అంది లీల.

హారిక కిటికీ మూస్తూ తిరిగి చూసింది. "సోమవారం మీరు వేరే చెప్పిన్రు గదా."

లీల గోటికి అంటిన రంగు దులుపుకుంది. "చారు వేడిగా ఉన్నప్పుడే తాగించు," అని లేచింది.

ఇంటి మరమ్మతులు చూసే హౌస్‌మైస్టర్ హెర్ కుల్కా అరవై దాటిన మనిషి. ఈ ఇల్లు బట్టల మిల్లు యజమానిదై ఉన్న కాలం గురించి వాళ్ల నాన్న చెప్పగా విన్నవాడు. ఊళ్లో మిగతా ఇళ్లన్నిట్లో రేడియేటర్లలో వేడి నీళ్లు తిరుగుతాయి. ఈ ఒక్క ఇంట్లోనే ఇంకా ఆవిరి. బాయిలర్‌కు గ్యాస్ బర్నర్ తగిలించారు గానీ గొట్టాలు పాతవే. ఆవిరి పైకెక్కేదీ, చల్లబడి నీరై దిగేదీ ఒకే గొట్టంలో.

గురువారం డ్యూటీ దిగి వచ్చి, లీల అతన్ని ఇంటి కింద నేలమాళిగలో, కెల్లర్‌లో పట్టుకుంది. ఇద్దరూ మాస్కులు వేసుకుని, బాయిలర్‌కు చెరోవైపు నిలబడ్డారు.

"ఫ్రావ్ లీలా, ఆసుపత్రి ఆవిరి వేరు, ఇంటి ఆవిరి వేరు," అన్నాడు కుల్కా.

"గాలి మాత్రం రెండు చోట్లా ఒకటే కదా."

అతను టార్చి అందుకున్నాడు. కప్పు కింద లావుపాటి గొట్టం మెట్ల దాకా సాగి, అక్కడ మలుపు తిరిగి పైకి లేస్తోంది. సరిగ్గా మలుపు దగ్గర ఒక పెద్ద వెంట్ ఉంది. కుల్కా దాన్ని తట్టాడు. "ఇది మూడుసార్లు మార్చాను. కొత్తది పెడతాను, నెల తిరగకుండా చచ్చిపోతుంది. సరుకు మంచిది రావడం లేదు."

లీల టార్చి తీసుకుని, గొట్టం పొడవునా వెలుగు పారించింది. మలుపు దగ్గర ఇనుము మీద నీటి మరకలు. "ఆవిరి వచ్చేటప్పుడు గొట్టంలో మిగిలిన నీళ్లను ముందుకు తోసుకొస్తుంది. ఆ నీళ్లు వచ్చి సుత్తి దెబ్బలాగా తగిలేది ఈ మలుపులోనే. వెంట్ కూడా ఇక్కడే ఉంది. దెబ్బ దానికే తగులుతోంది. సరుకు తప్పు కాదు, చోటు తప్పు. మలుపుకు జానెడు ఇవతల పెట్టాలి. గొట్టానికి ఆనించి కాదు, ఇంకో జానెడు చిన్న గొట్టం నిలబెట్టి దాని నెత్తిన. మా దగ్గర టెక్నీషియన్ అలాగే మార్చాడు. నాలుగేళ్లయింది, మళ్లీ ముట్టుకోలేదు."

కుల్కా జేబులోంచి పెన్సిల్ తీసి, మలుపుకు జానెడు ఇవతల గొట్టం మీద చిన్న గీత గీశాడు.

"అయినా ఒక్క పై అంతస్తే ఎందుకు ఇంత చల్లగా ఉంది?" అని లీల అడిగింది. "మా ఇల్లు పావుగంటలో వెచ్చబడుతుంది."

"మీ ఇల్లు వెచ్చబడుతుంది కాబట్టే," అన్నాడు కుల్కా మామూలుగా.

ఆమెకు అర్థం కాలేదు. అతను బాయిలర్ వెనక గోడ మీదికి టార్చి తిప్పాడు. సున్నం మీద పెన్సిల్‌తో రాసిన వరసలు. ఏ ఏడు ఏం మార్చాడో, ఎక్కడ మార్చాడో అన్నీ అక్కడే రాసుకున్నాడు. కింది నుంచి నాలుగో వరస దగ్గర వేలు పెట్టాడు. రెండు వేల పద్దెనిమిది, నవంబర్. కింది అంతస్తు, నాలుగు రేడియేటర్లు, పెద్ద వెంట్లు.

"పొద్దున డ్యూటీకి లేచేసరికి ఇల్లు చల్లగా ఉంటోందని మీరు ఉత్తరం రాశారు. ఆఫీసు సరేనంది. నేను వేగంగా గాలి వదిలేవి పెట్టాను. అప్పటి నుంచి ఆవిరి ముందు మీ ఇంట్లోకే పోతుంది. థెర్మోస్టాట్ ఉన్నది మీ తలుపు బయట వరండాలో. అక్కడ ఇరవై అయ్యిందో లేదో బాయిలర్ ఆగిపోతుంది. పైకి వెళ్లాల్సిన ఆవిరి ఇంకా దారిలోనే ఉంటుంది."

లీల ఆ పెన్సిల్ వరసను రెండుసార్లు చదివింది. ఆ చలికాలం వెంట్లు పెట్టినందుకు కుల్కాకు ఆమె కేకు కూడా చేసి ఇచ్చింది. పైన అప్పుడు ఎవరున్నారో తెలియదు. అడగాలని తోచనూ లేదు.

"మీరెందుకు చెప్పలేదు?"

"అప్పుడు పైవాటా ఖాళీ. తర్వాత నన్నెవరూ అడగలేదు," అన్నాడు కుల్కా. "వాళ్లు కిటికీలు తీయరని ఆఫీసు చెప్పింది. నేనూ అదే అనుకున్నాను."

కొత్త వెంట్లు శనివారం పొద్దునకు వచ్చాయి. లాక్‌డౌన్‌లో దుకాణాలు మామూలు జనానికి మూసి ఉన్నా, కుల్కా పనివాళ్ల కార్డు మీద తెప్పించాడు. బాయిలర్ ఆపి, రెండు గంటలు ఆగారు. గొట్టం చెయ్యి పెట్టగలిగేంత చల్లబడ్డాక ముందు కెల్లర్ పని చూశారు. పాత చోటును బిరడాతో మూసి, పెన్సిల్ గీత దగ్గర కుల్కా రంధ్రం తొలిచి, చిన్న గొట్టం బిగించడానికి మరలు కోశాడు. లీల జానెడు గొట్టానికి ఆవిరి కారకుండా జనపనార చుట్టి, మైనం రాసి అందించింది. వెంట్ నిటారుగా నిలబడిందో లేదో బుడగ ఉన్న మట్టపు బద్దతో రెండువైపులా చూసింది.

తర్వాత ఆమె తన ఇంట్లోకి వచ్చి, ముందుగదిలో రేడియేటర్ ముందు చాప వేసుకుని స్పానర్ తీసింది. యూనివర్సిటీ లాబ్ పనంతా ఏడాదిగా ఇంటి నుంచే చేస్తున్న భర్త సాముయేలు, హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి తప్పించాడు.

"మనది బాగానే ఉంది కదా, దాన్నెందుకు విప్పుతున్నావ్?"

"బాగా ఉంది కాబట్టే విప్పుతున్నాను."

"అంటే?"

"మన నాలుగు రేడియేటర్లకూ చిన్నవి పెడతాను. గాలి మెల్లిగా పోతుంది. ఆవిరి ముందు పైకి పోతుంది, తర్వాత మనకి వస్తుంది."

"తర్వాత అంటే ఎంతసేపు?"

"అరగంట. ముప్పావుగంట అనుకో."

సాముయేలు రేడియేటర్ వైపు, భార్య వైపు చూశాడు. "నువ్వు పొద్దున ఐదున్నరకి లేస్తావు. చలి నీకే."

"నాకే," అంది లీల. స్పానర్ బిగించి, ఒంటి బరువంతా వేసి తిప్పింది. రెండేళ్లకు పైగా ఉన్న పెద్ద వెంట్ కిర్రుమని కదిలింది. అతను హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి వచ్చి, రేడియేటర్ కదలకుండా పట్టుకున్నాడు.

మధ్య అంతస్తులో ఉండే ముసలావిడ తన ఇంట్లో ఉన్న వెంట్లే చాలంది. అందరికంటే చివర పైగది. వైశాలికి జ్వరం తగ్గి, మంచం మీద కూర్చుని ఉంది. హారిక పక్కకు జరిగి దారి ఇచ్చింది గానీ మాట్లాడలేదు. లీల రంగు పూడిన వెంట్ ఊడదీసి, పెద్దది బిగించింది. కుల్కా కిందికి వెళ్లి బాయిలర్ వెలిగించాడు.

కాసేపటికి వెంట్ బుస్సుమంది. లీల టిష్యూ కాగితం సన్నగా చింపి దాని ముందు పట్టింది. కాగితం రెపరెపలాడింది. నాలుగో పలక వేడెక్కింది, ఐదోది వేడెక్కింది. ఆరో పలక దగ్గర బుస్సు ఆగి, వెంట్ నోట్లోంచి నీళ్లు చిమ్మాయి. గొట్టంలో ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. వైశాలి ఉలిక్కిపడింది.

"పాడైందా ఆంటీ?"

"లేదమ్మా. ఆగు."

లీల మట్టపు బద్ద రేడియేటర్ నెత్తిన పెట్టింది. బుడగ తప్పు వైపుకు జరిగింది. రేడియేటర్ వెంట్ వైపుకు వాలి ఉంది. ఆవిరి చల్లబడి నీరైతే వచ్చిన దారినే గొట్టంలోకి దిగిపోవాలి. అది ఇక్కడ వెంట్ కింద చేరి నిలబడుతోంది. వందేళ్లలో చెక్క నేల ఆ మూల కుంగింది. ఆమె కిందికి ఫోన్ చేసి బాయిలర్ ఆపించి, చిన్న చెక్కముక్కలు రెండు తెమ్మంది. కుల్కా తెచ్చేసరికి రేడియేటర్ కొంచెం చల్లబడింది. అతను ఇనుప కమ్మీ దూర్చి ఎత్తుతుంటే, హారిక తనంతట తనే వంగి వెంట్ వైపు కాలు కింద చెక్కలు తోసింది.

"ఇంకొంచెం లోపలికి," అంది లీల. "అంతే. చెయ్యి తీసెయ్."

బుడగ మధ్య దాటి ఇటు జరిగింది.

పలకలన్నీ చల్లారాక మళ్లీ వెలిగించారు. ఈసారి లీల వాచీ చూసింది. పద్దెనిమిదో నిమిషానికి మొదటి పలక. ఇరవై నాలుగో నిమిషానికి ఏడోది. హారిక గ్లవ్స్ తీసేసి, ఒక్కో పలక మీదా అరచెయ్యి పెడుతూ వెళ్లింది. పన్నెండో పలక దగ్గర టిష్యూ ముక్క ఆడడం ఆగింది. లోపల చిన్నగా టిక్కుమంది. వెంట్ మూసుకుంది. ఇక చప్పుడు లేదు.

కుల్కా బొటనవేలు పైకెత్తి చూపించి, సామాన్లు సర్దుకుని దిగిపోయాడు. వైశాలి రేడియేటర్‌కు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. లీల చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"హారికా, నీకొక విషయం చెప్పాలి. మీకు చలి పెట్టింది మా ఇల్లే. రెండేళ్ల కింద నేనే అడిగి పెద్ద వెంట్లు పెట్టించుకున్నాను. మీ ఆవిరంతా మేం వాడుకున్నాం. అది తెలియక జరిగింది. సోమవారం నేనన్న మాటలు మాత్రం తెలియక అన్నవి కాదు. లోపలికొచ్చి చూడకుండా అన్నాను. తప్పు నాది."

హారిక అరచెయ్యి ఇంకా రేడియేటర్ మీదే ఉంది.

"ఆ ఆఫీసు ఆమె అనుకునుడు నాకు బాధ కాలే ఆంటీ. ఆమెకు మేమెవరం? ఆ రోజు మీరు చదువుతుంటే నేను ఆమె దిక్కు చూడనే లేదు. మిమ్మల్నే చూసిన. ఒక్కసారి లోపలికొచ్చి చూస్తరేమో అని."

లీల తల ఊపింది. క్షమించమని అడగలేదు. ఆ పిల్ల కూడా ఫరవాలేదని అనలేదు. హారిక కుర్చీ మీది బట్టలు తీసి, కుర్చీని రేడియేటర్ వైపు జరిపింది.

"కూసోండి. పొద్దటి నుంచి నిలబడే ఉన్నరు."

సోమవారం ఫ్రావ్ బ్రాండ్ వచ్చింది. మెట్ల కింద వరండాలో లీల, కుల్కా చూస్తుండగా అతను రాసిన రిపోర్టు చదివింది. పైకి వెళ్లి గది చూసింది, రేడియేటర్ మీద చెయ్యి పెట్టింది, దిగి వచ్చింది. హారిక ఆమె వెనకే దిగి మెట్ల మీద ఆగింది.

"మేం పంపిన ఉత్తరం వెనక్కి తీసుకుంటాం," అంది ఫ్రావ్ బ్రాండ్. "గోడ పని కంపెనీ చేయిస్తుంది. కానీ హెర్ కుల్కా, ఈ ఒక్క వాక్యం అవసరమా? కింది అంతస్తు ఫ్రావ్ లీల అడిగితే, మా ఆఫీసు అనుమతితో పెద్ద వెంట్లు పెట్టారని. పాత వ్యవస్థ, అరిగిపోయింది అంటే సరిపోతుంది కదా. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"నేను మొదట రాయలేదు," అన్నాడు కుల్కా. "ఫ్రావ్ లీల రాయించారు."

ఫ్రావ్ బ్రాండ్ లీల వైపు తిరిగింది. "మీ పేరు మీదే కదా అది. మీకెందుకు?"

"వారం రోజులుగా ఆ తప్పు పిల్లల పేరు మీద ఉంది," అంది లీల. ఆమె గొంతు మామూలుగానే ఉంది, ఆసుపత్రిలో యంత్రం పరీక్ష తప్పిందని డాక్టర్లకు చెప్పేటప్పటి లాగా. "వాళ్లు చేయలేదని రాస్తే చాలదు. ఎవరు చేశారో రాయాలి. లేకపోతే వచ్చే చలికాలం ఇంకొకరు వచ్చి, కిటికీలు తీయండి అని వాళ్లకే చెబుతారు. నేనే చెబుతానేమో కూడా."

ఫ్రావ్ బ్రాండ్ కాగితం ఇంకోసారి చూసింది. ఆ అనుమతి మీద ఉన్నది తన సంతకమేనని ఆమెకు తెలుసు. పెన్ను తీసి, కుల్కా సంతకం పక్కన తనదీ పెట్టింది.

"మీ ఇల్లు ఇక ఆలస్యంగా వెచ్చబడుతుంది. తర్వాత ఫిర్యాదు చేయకూడదు."

"చేయను."

మెట్ల మీది నుంచి హారిక తెలుగులో, "ఏమంటున్నది ఆంటీ?" అని అడిగింది. లీల రిపోర్టులోని ప్రతి వాక్యాన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. తన పేరున్న వాక్యం కూడా చెప్పింది. సొంత మాట ఒక్కటీ కలపలేదు.

మంగళవారం ఐదున్నరకు లీల లేచేసరికి నేల చల్లగా ఉంది. సాక్సులు వేసుకుని, శాలువా కప్పుకుని, కాఫీ కలుపుకుంది. ముందుగదిలో రేడియేటర్ ఇంకా నిద్రపోతోంది. వరండా గోడ పక్కన లావు గొట్టం మాత్రం సన్నగా టక్కుటక్కుమంటూ సాగుతోంది. ఆవిరి ఆమె ఇంటి గుమ్మం దాటి పైకి పోతోంది. కప్పును రెండు చేతులతో పట్టుకుని, వేళ్లు వెచ్చబడేదాకా ఆమె ఆ చప్పుడు విన్నది.

ఆరూ ఇరవైకి ట్రామ్‌లో ఉండగా సాముయేలు మెసేజ్ వచ్చింది. ఇప్పుడే మొదలైంది, రెండు పలకలు వేడెక్కాయి, మిగతావి ఇంకా చల్లగానే ఉన్నాయి అని.

'స్వెట్టర్ వేసుకో' అని జవాబు రాసి, మాస్క్ సర్దుకుని, లీల ఆసుపత్రి స్టాపులో దిగింది.